సభాకంపం ఎరిగిన మహావక్త

ఉగాది వచ్చిందంటే మన సంఘం వేదిక వెనుక ఒక దృశ్యం తప్పకుండా కనబడుతుంది. పంచాంగ శ్రవణం ముగుస్తుంది. ఉగాది పచ్చడి పంచడం అవుతుంది. తరువాత పిల్లల కార్యక్రమం. పట్టుపరికిణీ కట్టుకున్న చిన్నపిల్ల ఒకతె మెట్ల దగ్గర నిలబడి ఉంటుంది. ఆమె చెప్పవలసినవి నాలుగే తెలుగు మాటలు. వారం రోజులుగా ఇంట్లో అద్దం ముందు గడగడ అప్పజెప్పినవే. కాని పేరు పిలిచేసరికి అరచేతులు చల్లబడతాయి, నాలుక పిడచకట్టుకుపోతుంది, నేర్చినదంతా ఎక్కడికో ఎగిరిపోతుంది. పిల్ల సంగతి అలా ఉంచండి. వందన సమర్పణ చేయవలసిన పెద్దమనిషి సైతం జేబులోని కాగితం మూడుసార్లు తీసి చూచుకుంటాడు. దీనికే మన పెద్దలు సభాకంపం అని పేరు పెట్టారు.

ఈ బాధ మనవంటి సామాన్యులకే గాని మహావక్తలకు ఉండదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. గుడి మండపంలో పురాణం చెప్పే శాస్త్రిగారిని అడగండి. పెద్ద చర్చిలో ఆదివారం ప్రసంగించే పాదిరిగారిని అడగండి. లేచి నిలబడే ముందు ఆ ఒక్క క్షణం ఎట్లా ఉంటుందో వారే చెబుతారు. మన దేశంలో పుట్టి, పరదేశపు చర్చిలలోను, మహాసభలలోను ధర్మప్రసంగాలు చేసి లోకప్రసిద్ధి పొందిన వివేకానందస్వామి కూడా ఆ క్షణాన్ని అనుభవించినవాడే. పైగా దానిని దాచుకోలేదు. మన చెన్నపట్నంలోని ఒక బడిపంతులుకు ఉత్తరం వ్రాసి మరీ చెప్పుకున్నాడు.

స్వామి జీవితం అందరికీ తెలిసినదే. అయినా ఈ ఒక్క వైపునుంచి, అందునా చెన్నపట్నానికీ తెలుగునాటికీ సంబంధించిన ఘట్టాలను చేర్చి చూస్తే, ఈ ఊరికి వచ్చి స్థిరపడిన మన కుటుంబాలకు పనికివచ్చే సంగతి ఒకటి కనబడుతుంది. దానిని మనవి చేయడానికే ఈ నాలుగు మాటలు.

పాట ముందు, ప్రసంగం తరువాత

నరేంద్రనాథ దత్తు 1863 జనవరి 12న కలకత్తాలో జన్మించాడు. తండ్రి విశ్వనాథ దత్తు హైకోర్టులో అటార్నీ. తల్లి భువనేశ్వరీదేవి. పిల్లవాడికి చిన్ననాటినుంచి గొంతు మంచిది. గురువుల వద్ద హిందూస్థానీ సంగీతం క్రమంగా నేర్చుకున్నాడు. బ్రహ్మసమాజ ప్రార్థనలలో పాడేవాడు. దక్షిణేశ్వరంలో రామకృష్ణ పరమహంస అతనిని దగ్గరకు తీసుకోవడానికి అతని పాట కూడా ఒక కారణం.

ఈ సంగీతాన్ని మనం చిన్నచూపు చూడరాదు. ఊపిరి ఎక్కడ పట్టాలో, ఎక్కడ విడవాలో, గొంతు చించుకోకుండా దూరాన కూర్చున్నవాడి చెవిన ఎట్లా వేయాలో సంగీతం నేర్పుతుంది. మైకు లేని ఆ రోజులలో వక్తకు ఇంతకన్న పెట్టుబడి ఏముంటుంది?

1884లో తండ్రి పోయాడు. సంసారం చితికిపోయింది. 1886 ఆగస్టు 16న గురువు దేహం చాలించారు. నరేంద్రుడు తోటి శిష్యులతో కలిసి సన్యసించి, కొన్నాళ్లకు ఒంటరిగా దేశం మీద పడ్డాడు. కాలినడకను, ఎవరైనా టిక్కెట్టు కొనిపెడితే రైలు మీద, ఉత్తరాన హిమాలయాల నుంచి దక్షిణాన సముద్రం దాకా తిరిగాడు. దివానుల ఇళ్లలో, పండితుల అరుగుల మీద, పేదవారి పంచలలో ఆయన ఎన్నో గంటలు మాట్లాడి ఉంటాడు. కాని అదంతా సంభాషణ. ఎదుటివాడు ప్రశ్న వేస్తాడు, ఈయన సమాధానం చెబుతాడు. ఎదుటివాడి ముఖం చూస్తే మాట చేరిందో లేదో తెలిసిపోతుంది. పెద్ద సభలో నిలబడి చెప్పడం వేరు. అక్కడ వేయి ముఖాలుంటాయి, ఒక్క ముఖమూ సరిగా కనబడదు. అరుగు మీద మాట్లాడగలిగిన ప్రతివాడూ సభలో మాట్లాడలేకపోవడానికి కారణం ఇదే.

శాంథోమ్ వసారా

1892 సంవత్సరాంతాన స్వామి కన్యాకుమారి చేరి, అక్కడినుంచి పైకి వస్తూ చెన్నపట్నంలో అడుగుపెట్టాడు. శాంథోమ్‌లో మన్మథనాథ భట్టాచార్య అనే వంగదేశపు ఉన్నతోద్యోగి ఇంట దిగాడు. కొద్ది రోజులలోనే ఆ ఇంటి వసారా కాలేజీ విద్యార్థులతో, పంతుళ్లతో, వకీళ్లతో నిండిపోసాగింది. వారిలో ముఖ్యుడు అళసింగ పెరుమాళ్. పచ్చయప్ప పాఠశాలలో ఉపాధ్యాయుడు, తిరువల్లిక్కేణి నివాసి, చాలీచాలని జీతంతో పెద్ద కుటుంబాన్ని ఈదుకొస్తున్న మనిషి. అమెరికాలో చికాగో నగరంలో సర్వమత మహాసభ జరుగబోతున్నదని తెలిసి, స్వామి అక్కడికి వెళ్లి మాట్లాడాలని పట్టుబట్టినవారిలో అతడు మొదటివాడు.

అళసింగుడూ మిత్రులూ ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగుచేశారు. స్వామి మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. తాను వెళ్లడం దైవసంకల్పమో, తన ఉత్సాహమో తేల్చుకోలేక, మొదట పోగైన సొమ్మును పేదలకు పంచిపెట్టమన్నాడు. ఇచ్చినవారికీ తెచ్చినవారికీ మనసు చివుక్కుమని ఉండాలి. అయినా చెప్పినట్లు చేశారు. తరువాత స్వామి నిశ్చయించుకున్న నాడు మళ్లీ జోలె పట్టుకుని బయలుదేరారు. శ్రోతలు వక్తను నమ్మడం అంటే ఇది.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. స్వామి శాంథోమ్‌లో ఉన్న ఆ 1893 ప్రాంతంలోనే అక్కడి పాత పోర్చుగీసు చర్చిని తీసివేసి కొత్తది కట్టనారంభించారు. 1896లో పూర్తయిన ఆ కట్టడమే ఇప్పుడు మనం చూస్తున్న శాంథోమ్ పెద్ద చర్చి. మనలో చాలామంది దాని ముందునుంచే సముద్రానికి షికారు వెళ్తాం. ఒకసారి లోపలికి వెళ్లి తలెత్తి చూడండి. అంత ఎత్తు కప్పు, అంత పొడవు హాలు. అటువంటి చోట మాట వక్త నోటినుంచి వెలువడి, గోడలకూ కప్పుకూ తగిలి, వెనక్కు తిరిగి వస్తుంది. మొదటి మాట మోత ఇంకా అణగకముందే రెండవ మాట అన్నామంటే రెండూ కలిసి గొణుగుడు అవుతుంది. తొందరపడేవాడికి అక్కడ చోటు లేదు. వాక్యం చివర గొంతు దించేవాడి మాట నాలుగో వరుస దాటదు. అందుకే పూర్వం పెద్ద చర్చిలలో పాదిరిగారి ప్రసంగ పీఠాన్ని మెట్లు కట్టి ఎత్తున నిలిపేవారు. కొన్నిచోట్ల పీఠం పైన చెక్కతో గొడుగు వంటి కప్పు అమర్చి, శబ్దం పైకి పోకుండా జనం మీదికి మళ్లించేవారు. భయం గుండెలో పుడితే, ఈ చిక్కులు గోడలలో పుడతాయి. పెద్ద సభలో మాట్లాడేవాడు రెండింటినీ ఎదుర్కోవలసిందే. శాంథోమ్ వసారాలో కూర్చుని మాట్లాడుతున్న ఆ యువ సన్యాసికి అప్పటికి ఈ రెండింటితోనూ పెద్దగా పరిచయం లేదు.

సికింద్రాబాదులో తొలి పరీక్ష

ఆ పరిచయం మన తెలుగు గడ్డ మీద జరిగింది. నిజాం ప్రభుత్వంలో ఇంజనీరుగా ఉన్న మధుసూదన ఛటర్జీ ఆహ్వానం మీద స్వామి 1893 ఫిబ్రవరి 10న హైదరాబాదు చేరాడు. స్టేషనులో ఎదురుచూస్తున్న జనం సుమారు 500 మంది. ఊరూ పేరూ అడగని వారి మధ్య తిరుగుతూ వచ్చిన సన్యాసికి ఇది కొత్త. మర్నాడు సికింద్రాబాదు హిందూ ప్రముఖులు పండ్లూ మిఠాయిలూ తీసుకువచ్చి, తమ మహబూబ్ కళాశాలలో ఉపన్యసించవలసిందని కోరారు. 1862లో సోమసుందరం మొదలియారు స్థాపించిన బడి పెరిగి పెద్దదై ఆ కళాశాల అయింది.

ఫిబ్రవరి 13న సభ. పండిత రతన్‌లాల్ అధ్యక్షత వహించారు. వెయ్యిమందికి పైగా వచ్చారు. వారిలో కంటోన్మెంటు దొరలు కూడా ఉన్నారు. తాను పశ్చిమ దేశాలకు ఎందుకు వెళ్లదలచుకున్నాడో స్వామి ఇంగ్లీషులో వివరించాడు. అంత పెద్ద సభలో ఆయన నిలబడి ఉపన్యసించడం అదే మొదలని జీవితచరిత్రకారులు చెబుతారు. సభ రక్తి కట్టింది. ఆయన ఇంగ్లీషుకు దొరలు, శాస్త్రజ్ఞానానికి మనవారు ఆశ్చర్యపోయారు. 17వ తేదీన ఆయన చెన్నపట్నానికి తిరుగు ప్రయాణమైనప్పుడు వీడ్కోలు ఇవ్వడానికి స్టేషనుకు వచ్చినవారు వెయ్యిమందికి పైమాటే.

సికింద్రాబాదు సభ లేకపోతే చికాగో సభ లేదని అనడం అతిశయోక్తి కావచ్చు. కాని వెయ్యిమంది ముందు నిలబడితే కాళ్లు నిలుస్తాయనీ, వెనుక వరుసవాడికి తన గొంతు చేరుతుందనీ స్వామికి అక్కడ రుజువయింది. పెద్ద ఏరు దాటబోయేవాడు ముందు ఊరి చెరువులో ఈదినట్లు అది జరిగింది. ఆ చెరువు మనవారిది కావడం మనకు సంతోషం.

పల్లెటూరి చర్చి

1893 మే 31న స్వామి బొంబాయిలో ఓడ ఎక్కాడు. సింగపూరు, హాంగ్‌కాంగ్, జపాను మీదుగా జూలై 25న కెనడా పడమటి తీరాన వాంకూవరులో దిగి, 30న చికాగో చేరాడు. చేరిన తరువాత తెలిసింది, సభ సెప్టెంబరు దాకా లేదనీ, పరిచయ పత్రం లేనివారిని ప్రతినిధులుగా చేర్చుకోరనీ, పేరు నమోదుకు గడువు కూడా దాటిందనీ. చేతిలో డబ్బు కరిగిపోతున్నది. ఖర్చు తక్కువని బోస్టను ప్రాంతానికి వెళ్లాడు. అక్కడ హార్వర్డు విశ్వవిద్యాలయంలో గ్రీకు భాషాచార్యుడు జాన్ హెన్రీ రైట్‌తో పరిచయమయింది. ఆయనే పూనుకుని సభాధికారులకు పత్రం వ్రాసి దారి చేశాడు.

ఆ రైట్‌గారి అతిథిగా అనిస్క్వాం అనే సముద్రతీరపు పల్లెలో ఉన్నప్పుడు, ఆగస్టు 27 ఆదివారం నాడు, ఆ ఊరి చర్చిలో స్వామి మాట్లాడాడు. అమెరికాలో ఆయన బహిరంగ ప్రసంగాలకు అదే ఆరంభం. ఒక్కసారి ఊహించుకోండి. చెక్క బెంచీల మీద పల్లెజనం, వేసవి విడిదికి వచ్చిన పట్నవాసులు. ఎదుట కాషాయం కట్టిన పరదేశి. ఆయన దేశాన్ని గురించి వారు విన్నదల్లా మిషనరీల కథలే. వక్త నోరు తెరవకముందే శ్రోత ఒక అభిప్రాయంతో కూర్చుని ఉండడం సభలోని మరో పెద్ద చిక్కు. గోడ మోత కొంతసేపటికి అణగిపోతుంది. ఈ మోత అంత తొందరగా అణగదు. ఆ చిన్న చర్చిలో, ఆ తరువాత సేలం పట్టణపు సభలలో, స్వామి దానికి అలవాటు పడ్డాడు. ఎవరినీ నొప్పించకుండా, తన దేశాన్ని తక్కువ చేయకుండా, సాదా మాటలలో చెప్పడం అభ్యసించాడు.

ఇకను కాదు, ఇకను కాదు

సెప్టెంబరు రెండవ వారంలో చికాగో తిరిగి వచ్చేసరికి చేతిలోని విలాసం పోయింది. రాత్రి రైల్వే యార్డులో ఒక ఖాళీ పెట్టెలో తలదాచుకున్నాడు. తెల్లవారి ఇంటింటికీ వెళ్లి దారి అడిగితే తలుపులు మూశారు. అలసి వీధి పక్కన కూలబడితే, ఎదురింటి ఇల్లాలు హేల్ అమ్మగారు చూచి, లోపలికి పిలిచి అన్నం పెట్టి, సభాధికారుల వద్దకు తీసుకువెళ్లింది. రెండు రోజుల అలసటా, ఆకలీ, అవమానమూ మోసుకునే ఆయన ఆ వేదిక ఎక్కాడన్న సంగతి మనం మరచిపోరాదు.

1893 సెప్టెంబరు 11, సోమవారం. ఉదయం 10 గంటలకు పది మతాల పేరిట గంట పది మార్లు మోగింది. హాలులోను, పైన గ్యాలరీలోను కలిపి వేలాదిమంది. వేదిక నడుమ క్యాథలిక్ కార్డినల్ గిబ్బన్స్. అటూ ఇటూ దేశదేశాల ప్రతినిధులు. వారిలో మనదేశంనుంచి బ్రహ్మసమాజపు ప్రతాపచంద్ర మజుందార్, జైనమత ప్రతినిధి వీర్‌చంద్ గాంధీ, సింహళంనుంచి బౌద్ధుడు ధర్మపాల. ఒక్కొక్కరే లేచి, వ్రాసి తెచ్చుకున్న ప్రసంగం చదివి కూర్చుంటున్నారు. స్వామి వద్ద కాగితం లేదు. అధ్యక్షుడు ఆయనవైపు చూచినప్పుడల్లా ఇప్పుడు కాదని తల అడ్డంగా ఊపాడు. ఉదయమంతా ఇదే జరిగింది. మధ్యాహ్నం కూడా కొంతసేపు ఇదే. ఇక ఈయన మాట్లాడడేమోనని నిర్వాహకులకు సందేహం కలిగింది.

ఆ గంటల్లో తన లోపల ఏమి జరిగిందో స్వామి నవంబరు 2న చికాగోనుంచి అళసింగుడికి వ్రాసిన ఉత్తరంలో దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. గుండె కొట్టుకున్నదనీ, నాలుక దాదాపు ఎండిపోయిందనీ, ఉదయం మాట్లాడే సాహసమే చేయలేకపోయాననీ, అందరూ సిద్ధమై వస్తే తాను ఏమీ సిద్ధం చేసుకోకుండా వచ్చిన మూర్ఖుడిననీ వ్రాశాడు. ఆ ఉత్తరం అందుకున్న పంతులు తిరువల్లిక్కేణిలో కూర్చుని ఆ వాక్యాలు చదివి ఎంత ఆశ్చర్యపోయి ఉంటాడో!

చివరకు తప్పించుకోలేని ఘడియ వచ్చింది. స్వామి మనసులో సరస్వతీదేవికి నమస్కరించి ముందుకు అడుగు వేశాడు. అక్కడి వారిని దొరలారా, దొరసానులారా అని మర్యాదకు సంబోధించకుండా, అక్కచెల్లెళ్లుగా, అన్నదమ్ములుగా పిలిచాడు. హాలు హాలంతా లేచి నిలబడింది. రెండు నిమిషాల పాటు చప్పట్లు ఆగలేదు. ఆ తరువాత చేసినది చాలా చిన్న ప్రసంగం. అన్ని మతాలూ చేరే గమ్యం ఒకటేననీ, మతమౌఢ్యం లోకాన్ని రక్తంతో తడిపిందనీ, ఇకనైనా అది అంతం కావాలనీ చెప్పాడు. చెప్పి కూర్చున్న తరువాత ఒళ్లంతా సత్తువ లేకుండా అయిపోయిందట.

మనం గమనించవలసినది ఒకటున్నది. ఆయన భయం పోయిన తరువాత లేవలేదు. భయం ఉండగానే లేచాడు. మిగతా భారం శ్రోతలు తీసుకున్నారు. ఆ రెండు నిమిషాల చప్పట్లు ఆయన ఎండిన నాలుకకు నీళ్లవంటివి.

చర్చిలు, రైళ్లు, అలసట

మహాసభ సెప్టెంబరు 27న ముగిసింది. 19వ తేదీన హిందూమతాన్ని గురించి వ్రాసి తెచ్చిన వ్యాసం ఒకటి చదివాడు. తక్కిన రోజులలో జనం లేచిపోకుండా ఉండడానికి నిర్వాహకులు స్వామి ప్రసంగాన్ని చిట్టచివర పెట్టేవారని ఆనాటి పత్రికలు వ్రాశాయి.

తరువాత ఒక ఉపన్యాసాల కంపెనీతో ఒడంబడిక కుదుర్చుకుని ఊరూరా తిరిగాడు. 1894 ఫిబ్రవరిలో డెట్రాయిట్ నగరపు యూనిటేరియన్ చర్చిలో హిందూ సన్యాసి ప్రసంగాలంటే జనం క్రిక్కిరిసి వచ్చారు. 1896లో అదే నగరంలో యూదుల ఆలయంలో మాట్లాడినప్పుడు చోటు చాలక ఎందరో వెనుదిరిగిపోయారు. వచ్చినవారంతా వినడానికే వచ్చారనుకోకండి. తలపాగా చూడడానికి వచ్చినవారు కొందరు, తప్పు పట్టడానికి వచ్చినవారు కొందరు. ప్రసంగం ముగియగానే సూటిపోటి ప్రశ్నలు. రాత్రి రైలు, మంచు, కొత్త ఊరు, మళ్లీ ప్రసంగం. కొన్ని వారాలలో పన్నెండు, పద్నాలుగు ప్రసంగాలు కూడా చేయవలసి వచ్చింది. చెప్పవలసినదంతా చెప్పేశానేమో, రేపు నోట మాట రాదేమో అనే దిగులు ఆ రోజులలో ఆయనను పట్టుకున్నదట. అటువంటి రాత్రులలో మర్నాడు చెప్పవలసిన విషయం ఎవరో తన ఎదుట నిలబడి చెబుతున్నట్లు వినిపించేదని శిష్యులతో చెప్పాడు. నమ్మేవారు దైవకృప అంటారు, తక్కినవారు ఎడతెగని ఆలోచన ఫలమంటారు. ఎట్లా చూచినా, సభకు ముందు రాత్రి ఆయనకు నిశ్చింత నిద్ర లేదన్న సంగతి మాత్రం నిజం.

కాగితం లేని ప్రసంగానికి మరో చిక్కు ఉన్నది: చెప్పినది గాలిలో కలిసిపోతుంది. 1895 డిసెంబరులో న్యూయార్కులో జె. జె. గుడ్‌విన్ అనే యువ ఇంగ్లీషు షార్ట్‌హ్యాండు లేఖకుణ్ణి కుదుర్చుకున్నారు. జీతానికి వచ్చినవాడు శిష్యుడైపోయాడు. స్వామి వెంటే భారతదేశం వచ్చాడు. 1898 జూన్ 2న ఉదకమండలంలో చిన్న వయసులోనే మరణించాడు. స్వామి ప్రసంగాలు ఈనాడు మనం చదువుకుంటున్నామంటే అందులో ఎక్కువ భాగం అతని చలవే.

చెన్నపట్నంలో వినిపించని ప్రసంగం

1897 జనవరి 15న స్వామి కొలంబోలో దిగాడు. 26న పాంబను చేరి, రామనాథపురం, మధుర, కుంభకోణం మీదుగా చెన్నపట్నానికి బయలుదేరాడు. దారిలో ఒక చిన్న స్టేషనులో ఆ రైలుకు మజిలీ లేదు. జనం పట్టాల మీద అడ్డంగా పడుకుంటే గార్డు బండి నిలపక తప్పింది కాదు. ఫిబ్రవరి 6న ఎగ్మూరు స్టేషనులో దిగేసరికి వీధులలో తోరణాలు, ఎటుచూచినా జనం. విద్యార్థులు బండి గుర్రాలను విప్పి తామే లాగారు. సముద్రతీరాన ఐస్‌హౌస్ అని పిలిచే భవనంలో, వకీలు బిళిగిరి అయ్యంగారి ఇంట, విడిది. పూర్వం అమెరికానుంచి ఓడలలో వచ్చిన మంచుగడ్డలను నిలవ చేయడానికి 1842లో కట్టిన ఇల్లది. ఇప్పుడు వివేకానందర్ ఇల్లం అంటున్నాం.

సన్మాన సభ విక్టోరియా పబ్లిక్ హాలులో. సెంట్రల్ స్టేషను దగ్గరి ఆ ఎర్రభవనానికి 1883లో శంకుస్థాపన చేసినవారు విజయనగరం మహారాజా పూసపాటి ఆనంద గజపతిరాజుగారు. కట్టిన కంట్రాక్టరు నంబెరుమాళ్ చెట్టిగారు కూడా తెలుగువారే. ఆ హాలులో సన్మానపత్రం చదివారు. కాని లోపల పట్టినవారికన్న బయట మిగిలినవారు ఎన్నో రెట్లు. స్వామి బయటకు రావాలని కేకలు. ఆయన హాలు విడిచి బయటకు వచ్చి, నిలబడివున్న గుర్రపుబండి పైకి ఎక్కాడు. కురుక్షేత్రంలో రథం మీదనుంచి గీత చెప్పినట్లు తానూ బండి మీదనుంచి చెప్పవలసి వచ్చిందని చమత్కరించాడు. నాలుగు మాటలు మొదలు పెట్టాడు.

కాని ఎవరికి వినిపిస్తుంది? చికాగోలో వేలాదిమందికి చేరిన గొంతు అక్కడ పది బారలు దాటలేదు. గోడలు లేవు, కప్పు లేదు, మాట నిలవడానికి చోటు లేదు. పైగా ముందుకు తోసుకువచ్చేవారి కోలాహలం. కొంతసేపు ప్రయత్నించి, ఇక లాభం లేదని గ్రహించి, ఆ ఉత్సాహాన్ని చల్లారనీయక పనిలో పెట్టవలసిందని మాత్రం చెప్పి ముగించాడు. పరదేశపు చర్చిలలో అపరిచితులు ఆయన మాట చివరిదాకా విన్నారు. సొంత దేశంలో ప్రాణమిచ్చేటంత ప్రేమించినవారు వినలేకపోయారు. ప్రేమ తక్కువై కాదు, నిశ్శబ్దం తక్కువై.

స్వామి నొచ్చుకోలేదు. ఫిబ్రవరి 9న అదే విక్టోరియా హాలులో, మొన్న చెప్పలేకపోయినది ఇప్పుడు చెబుతానంటూ తన కార్యక్రమాన్ని వివరంగా వినిపించాడు. చివరి ఉపన్యాసానికి ఏ హాలూ చాలదని తెలిసి, 14న హార్మ్‌స్టన్ సర్కస్ డేరాలో సభ పెట్టారు. సర్కస్ డేరాలో జనం గుండ్రంగా, మెట్లు మెట్లుగా కూర్చుంటారు. ఎవరికీ ఎవరూ అడ్డురారు. వేలాదిమంది కదలకుండా విన్నారు. భారతదేశపు భవిష్యత్తును గురించి ఆయన ఆనాడు చెప్పినది నేటికీ చదువుతున్నారు. ఆ ప్రసంగాలను గుడ్‌విన్ వ్రాసి పెట్టాడు.

ఈ తొమ్మిది రోజులలో ఆయన శరీరం బాగా నలిగిపోయింది. దారి పొడుగునా మళ్లీ ఉత్సవాలు తప్పవని రైలు మానుకుని, 15న ఓడలో కలకత్తాకు బయలుదేరాడు. వైద్యుల సలహా మీద భక్తులు ఓడలోకి లేత కొబ్బరిబోండాలు గుట్టలుగా ఎక్కించారు. చూచిన ఇంగ్లీషు శిష్యురాలు ఇది సరుకుల ఓడా అని విస్తుపోయిందట. ఆ ఏడాదే స్వామి రామకృష్ణానంద వచ్చి ఐస్‌హౌస్‌లో మఠం ఆరంభించారు. మహావక్త మాత్రం ఎక్కువ కాలం బ్రతకలేదు. 1902 జూలై 4న బేలూరు మఠంలో, 40 నిండకుండానే, దేహం చాలించాడు.

మన వేదిక మీద

సభాకంపం పిరికితనం కాదు. చెప్పవలసినదాని మీద గౌరవం, వినేవారి మీద గౌరవం ఉన్నవాడికే అది పుడుతుంది. దానికి స్వామి జీవితంలో కనబడే మందు కూడా సామాన్యమైనదే: చిన్న సభనుంచి పెద్ద సభకు పోవడం, గొంతును సాధనతో నిలపడం, విషయాన్ని మనసులో నానబెట్టుకోవడం, ఎదుటివారిని తనవారిగా తలచడం, చోటు అనుకూలించకపోతే క్లుప్తంగా ముగించడం.

ఇదంతా వక్త వంతు. సగం వంతు శ్రోతలది. శాంథోమ్ వసారాలో నమ్మినవారు లేకపోతే ఆయన ఓడ ఎక్కేవాడు కాదు. సికింద్రాబాదు సభ ఆదరించకపోతే అంత ధైర్యం చిక్కేది కాదు. విక్టోరియా హాలు ముంగిట పదివేల గొంతులు ఒక్క గొంతును ముంచివేశాయి.

మన పిల్లలు ఈ ఊళ్లో బడిలో ఇంగ్లీషు, వీధిలో తమిళం మాట్లాడుతూ పెరుగుతున్నారు. వారికి తెలుగు సభ అంటే ఏడాదికి ఒకనాటి ముచ్చట. వారి సభాకంపం మన కాలపు సభాకంపం కన్న పెద్దది. జనం భయానికి తోడు, మాట తప్పుగా పలుకుతానేమోనన్న భయం కూడా ఉన్నది. అందుచేత ఈ ఉగాదినాడు పట్టుపరికిణీ చిన్నది మైకు ముందుకు వచ్చినప్పుడు, పులిహోర పొట్లాల మాట కాసేపు ఆపుదాం. సెల్‌ఫోను జేబులో పెట్టుకుందాం. ఒక మాట తడబడితే నవ్వకుండా ఆగుదాం. ఆమె చెప్పేది నాలుగు మాటలే అయినా వెనుక వరుస దాకా వినబడనిద్దాం. చప్పట్లు మాత్రం రెండు నిమిషాలకు తగ్గనీయవద్దు.